పొయ్యి కింద అల

నిడుజివ్వి గనిలో రాయి పొరలుగా లేస్తుంది.
సమ్మెట పనికిరాదు. గడ్డపార మొన పెట్టి
మెల్లగా ఊపాల.
పొర విడిచే ముందు చిన్న నిట్టూర్పొకటి తీస్తుంది,
చేయి తిరిగినోళ్ళకే వినపడుతుంది అది.
నేను పలకలు పేర్చేదాన్ని.
మధ్యాన్నానికి నా కనురెప్పలు కూడా రాతి రంగే.

తమ్ముడు మద్దిలేటి వచ్చినాడు.
కాకినాడకవతల, నీళ్ళ నడుమ నిలబెట్టిన ఇనుప ఊళ్ళో వాని పని.
ఇరవై ఎనిమిది దినాలు నీళ్ళు, ఇరవై ఎనిమిది దినాలు నేల.
మొదటి రెండు రాత్రులూ
మంచం ఊగడం లేదని నిద్రపోడు.

సంచిలోంచి గుడ్డమూట తీసి వంటబండ మీద ఒంపినాడు.
బూడిద రంగు నలుసులు, గుప్పెడు.
"మూడున్నర కిలోమీటర్ల కిందిది అక్కా, బోరు కక్కింది."
వాసన చూసినా.
కిరసనాయిలు వాసనేం లేదు,
బళ్ళో ఉమ్మి తుడిచిన పలక వాసన.

"అంత లోతు గుంత యాడిది రా సముద్రంలో?"

ఓళిగలకు నానబెట్టిన పిండి తీసుకున్నాడు.
రెండు చేతులా పట్టి లాగినాడు.
నడుమ పలచబడి, బొజ్జలా కిందికి జారింది.
"ఈ ఎడమ చేయి మనం. కుడి చేయి మంచుఖండం.
పదమూడు కోట్ల ఏండ్ల కింద ఒకటే ముద్ద."
ఇంకా లాగినాడు. తెగింది.
తెగిన కొసలు పళ్ళెంలో మెట్లు మెట్లుగా పడినాయి.
"ఈ మెట్ల సందుల్లోకి ముందు ఏర్లొచ్చినాయి, తర్వాత ఉప్పునీళ్ళు.
కృష్ణ మోసింది, గోదారి మోసింది,
మన పెన్న కూడా మోసింది ఆ పక్కనే.
మట్టి బరువుకు అడుగు కుంగుతుంది,
కుంగితే ఇంకా మట్టి పడుతుంది.
నింపేకొద్దీ లోతయ్యే గుంత అది."

అప్పు మాదిరే, అన్నా నేను.
వాడు నవ్వలా.

కంటికానని జీవాలు సచ్చి
ఆ అడుక్కి తుంపరలా రాలినాయంట.
గాలి సోకకుండా బురద కప్పిందంట.
కింద నేల వేడి. పైన మూత.
సన్న సెగ మీద కోట్ల ఏండ్లు ఉడికితే నూనె,
సెగ పెరిగితే గ్యాసు,
మరీ పెరిగితే మసి.
వంట తెలిసినోళ్ళకి ఇందులో చెప్పాల్సిందేముంది?

"మరి మనకెందుకు లేదు?" బండ మీద తట్టినా.

"మనదీ కుంగిన నేలే అక్కా.
నూటెనభై కోట్ల ఏండ్ల నాటిది, దానికి పెద్దమ్మ వరస.
ఇక్కడా సముద్రం ఉండె, చేప పుట్టకముందటిది.
వేంపల్లె బండల్లో క్యాబేజీ అడ్డంగా కోసినట్టు సుట్లుంటాయే,
అవి పాచి కట్టుకున్న ఇండ్లు.
నూనె అయ్యిందో లేదో. అయినా
అంతకాలం ఏ కుండ మూత పట్టుకోని కూసుంటుంది?"
మా గనిలోది అంతకంటే చిన్నదంట,
వయసు పెద్దోళ్ళకే ఇంకా తెగలేదంట.

నాకప్పుడు అనిపించింది.
మా సీమకు వాన ఒక్కటే కాదు,
సముద్రం కూడా అదును తప్పే వచ్చింది,
విత్తేవాడు పుట్టకముందు వచ్చి
ఎవురికీ చెప్పకుండా పోయింది.

చీకటి పడినాక పొయ్యి ముట్టించినా.
నీలి మంట లేచింది.
వాని సముద్రం పైన మండుతా ఉంది,
నా సముద్రం కింద సల్లగా పండుకోనుంది.
నడుమ నాలుగు ఓళిగలు.
ఒకటి మాడింది.

వాని నలుసులు తుడిచి మూట కడదామని చూస్తే
ఏది వాంది, ఏది నా కొంగు దులిపిన దుమ్మో
తేల్చుకోలేకపోయినా.
అన్నీ కలిపే కట్టిచ్చినా.

ఆ బండ నాకు ఊరికే వచ్చింది, సెప్పలా కదా.
దాని మీద అలలున్నాయి,
గాలికి వంక నీళ్ళు ముడుచుకున్నట్టు, వరసగా.
అల ఉన్న పలకను బెంగుళూరోళ్ళు కొనరు,
నున్నగా ఉండాలంటారు.
షావుకారి పారేయమంటే తెచ్చుకున్నా.

పొయ్యి కొంచెం ఊగుతుంది దాని మీద.
ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టినా.